గడప ఎత్తు: రసాయన చర్యల వేగం మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. మాటల్లోకి దిగే ముందు ఒక చిన్న పని మొదలుపెట్టేస్తాను. అది పూర్తవడానికి కాస్త టైమ్ పడుతుంది, ఆలోగా మనం మాట్లాడుకోవచ్చు.

ఈ బల్ల మీద రెండు శాంకవ కుప్పెలున్నాయి. ఎడమ దాంట్లో ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం, కుడి దాంట్లో ఆక్సాలిక్ ఆమ్లం. రెండింట్లోనూ సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం ముందే కలిపి ఉంచాను. చూడ్డానికి రెండూ ఇంచుమించు నీళ్ళలాగే ఉన్నాయి. ఇప్పుడు ఊదారంగులో ఉన్న ఈ పొటాషియం పర్మాంగనేట్ ద్రావణాన్ని రెండింట్లోనూ అయిదేసి చుక్కలు వేస్తున్నాను. వెనక వరుసల వాళ్ళకి కనిపిస్తోందా? సరే, కుప్పెల కింద తెల్ల కాగితం పెడతాను.

ఎడమ కుప్పె చూడండి. చుక్క పడీ పడగానే రంగు పోయింది. కుడి కుప్పెలో మాత్రం రంగు పోలేదు. తిప్పుతున్నాను, కలుపుతున్నాను, అయినా గులాబీ రంగు అలాగే నిలబడి ఉంది. దీన్ని ఇక్కడే పక్కన పెడదాం. ఆ రంగును ఒక కంట కనిపెడుతూ ఉండండి.

రెండు కుప్పెల్లోనూ పర్మాంగనేట్ చెయ్యాల్సిన పని ఒకటే. ఎదుటి పదార్థం నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని, తాను రంగులేని మాంగనీస్ అయాన్‌గా, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువుగా, మారిపోవాలి. ఫెర్రస్ అయాన్ దగ్గర ఆ పని సులువు. అది ఒక్క ఎలక్ట్రాన్ ఇచ్చేసి ఫెర్రిక్ అయాన్ అవుతుంది, అంతే. ఏ బంధమూ తెగనక్కర్లేదు. ఆక్సాలిక్ ఆమ్లం సంగతి వేరు. దాంట్లో రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఉన్న బంధం తెగాలి, అణువు రెండు ముక్కలై కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోవాలి. పాఠ్యపుస్తకాల్లో చర్యావేగాన్ని ప్రభావితం చేసే అంశాల జాబితాలో మొట్టమొదట 'క్రియాజనకాల స్వభావం', అంటే చర్యలో పాల్గొనే పదార్థాల తీరు, అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. ఆ ముక్కకు అర్థం ఇదిగో, ఈ రెండు కుప్పెల్లో కనిపిస్తోంది.

ఆ జాబితా మీద నాకొక అభ్యంతరం ఉంది. స్వభావం, గాఢత, ఉపరితల వైశాల్యం, ఉష్ణోగ్రత, ఉత్ప్రేరకం. పిల్లలు వీటిని వరుసగా వల్లె వేస్తారు, పరీక్షలో రాస్తారు, మార్కులు వస్తాయి. కానీ ఇవన్నీ ఒకే కోవకు చెందినవి కావు. కొన్ని అణువులు ఎన్నిసార్లు ఢీకొంటాయో మారుస్తాయి. మిగతావి ఢీకొన్నవాటిలో ఎన్ని ఫలిస్తాయో మారుస్తాయి. ఈ తేడా పట్టుకుంటే మొత్తం విషయం దానంతటదే విడిపోతుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

దానికి ముందు ఒక అపోహ తీసేద్దాం. ఒక చర్య జరిగితే బోలెడంత శక్తి విడుదలవుతుంది కాబట్టి అది వేగంగా జరుగుతుందనుకోవడం చాలామందిలో ఉంది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీరవుతుంది, విపరీతమైన వేడి పుడుతుంది. అయినా ఆ రెండు వాయువులనూ ఒక సీసాలో కలిపి మామూలు గది ఉష్ణోగ్రతలో ఉంచితే ఏమీ కాదు. ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ తగిలితే మాత్రం పేలిపోతాయి. వజ్రం సంగతీ అంతే. వజ్రమూ, పెన్సిల్ ముల్లులోని గ్రాఫైటూ రెండూ కార్బన్ రూపాలే. మామూలు పీడనంలో వజ్రం కన్నా గ్రాఫైటే స్థిరమైన రూపం. లెక్క ప్రకారం ప్రతి వజ్రమూ గ్రాఫైట్‌గా మారాల్సిందే. కానీ ఆ మార్పు ఎంత నెమ్మది అంటే, అది జరగదనే అనుకోవచ్చు. ఒక చర్య జరగగలదా అన్నది ఒక ప్రశ్న, ఎంత వేగంగా జరుగుతుందన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు తెలిసినంత మాత్రాన రెండోది తెలియదు.

ఇప్పుడు అణువుల దగ్గరికి వెళ్దాం. మనం పీల్చే గాలిలో ఒక్కో అణువు సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు పక్క అణువుల్ని ఢీకొంటుంది. ప్రతి ఢీ ఫలించి చర్య జరిగిపోయేటట్టయితే ప్రపంచంలో వాయువుల మధ్య జరగగల చర్యలన్నీ రెప్పపాటు కూడా పట్టకుండా అయిపోయేవి. అలా జరగడం లేదంటే, దాదాపు ఢీలన్నీ వృథా అవుతున్నాయన్నమాట. అణువులు తగులుతాయి, ఎగిరి పక్కకు పోతాయి, ఏమీ మారదు. ఎందుకు? పాత బంధాలు సాగి, సడలి, కొత్తవి ఏర్పడే దశకు చేరాలంటే ఒక కనీస శక్తి కావాలి. దాన్ని ఉత్తేజన శక్తి అంటారు. నేను దాన్ని గడప అంటాను. గడప అవతల ఎంత మంచి చోటు ఉన్నా, దాటలేనివాడు ఇవతలే ఉండిపోతాడు.

గడప జోలికి పోకుండా, ఢీల సంఖ్యను పెంచే అంశాలు ముందు చూద్దాం. వీటిలో చరిత్ర పరంగా మొదటిది గాఢత. 1850లో జర్మనీకి చెందిన లుడ్విగ్ విల్హెల్మీ చక్కెర ద్రావణంలో ఆమ్లం కలిపి, అది గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయే తీరును కొలిచాడు. ఆయన వాడిన ఉపాయం నాకు భలే నచ్చుతుంది. చక్కెర ద్రావణంలోంచి ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే కాంతిని, పంపితే ఆ తలం ఒక పక్కకి తిరుగుతుంది. చక్కెర విడిపోయేకొద్దీ ఆ తిరుగుడు తగ్గి, చివరికి రెండో పక్కకి మళ్ళుతుంది. అంటే ద్రావణాన్ని ముట్టుకోకుండా, చర్యను ఆపకుండా, కాంతి కోణం చూసి లోపల ఎంత చక్కెర మిగిలిందో చెప్పొచ్చు. ఆయనకు తేలింది ఏమిటంటే, ఏ క్షణాన్నయినా చక్కెర విడిపోయే వేగం ఆ క్షణంలో మిగిలి ఉన్న చక్కెరకు అనులోమానుపాతంలో ఉంటుంది. సగం చక్కెర అయిపోతే వేగం కూడా సగమవుతుంది. రసాయన చర్య వేగాన్ని గణిత సమీకరణంగా రాయడం అక్కడే మొదలైంది. తర్వాత 1864లో నార్వేకి చెందిన గుల్డ్‌బర్గ్, వాగే ఇద్దరూ ద్రవ్యరాశి క్రియా నియమం పేరుతో దీన్ని ఇంకా విస్తరించారు.

కారణం సులువుగానే ఊహించొచ్చు. ఇరుకు చోట ఎక్కువ అణువులుంటే ఎక్కువసార్లు తగులుకుంటాయి. వాయువుల్లో పీడనం పెంచడమంటే కూడా ఇదే, సగం ఘనపరిమాణంలోకి నొక్కితే గాఢత రెట్టింపవుతుంది. కాకపోతే ఇక్కడ విద్యార్థులు తరచూ పడే గోతి ఒకటుంది. సమీకరణంలో ఒక పదార్థం ముందు 2 అని ఉంటే వేగం దాని గాఢత వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని రాసేస్తారు. అది ప్రయోగం చేసి తేల్చాల్సిన విషయం, సమీకరణం చూసి చెప్పేది కాదు. చర్య చాలాసార్లు రెండు మూడు అంచెల్లో జరుగుతుంది, మొత్తం వేగాన్ని అన్నిటికన్నా నెమ్మదైన అంచె నిర్ణయిస్తుంది. గాఢత పెంచినా వేగం ఏమాత్రం పెరగని చర్యలూ ఉన్నాయి. వేడి ప్లాటినం ఉపరితలం మీద అమోనియా విడిపోయేటప్పుడు ఉపరితలంలో ఖాళీ లేకుండా అణువులు నిండిపోయి ఉంటే, బయట ఇంకెన్ని అణువులు వచ్చి చేరినా ఒరిగేది ఏమీ లేదు.

ఘనపదార్థం ఉన్న చర్యల్లో ఢీలు జరిగేది ఉపరితలం మీదే. లోపల ఉన్న పరమాణువుల వంతు ఇంకా రాలేదు. ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఘనం తీసుకోండి. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే ఒక మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే వెయ్యి ముక్కలు, మొత్తం ఉపరితలం 60. మీటరులో పది లక్షలో వంతు, అంటే ఒక మైక్రాన్ ఘనాలుగా పొడి చేస్తే అదే పదార్థం ఉపరితలం 60,000 చదరపు సెంటీమీటర్లు, అంటే 6 చదరపు మీటర్లు. పదార్థం అంతే ఉంది, పిసరంత కూడా పెరగలేదు. 1878 మే 2న అమెరికాలోని మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ అనే పెద్ద పిండిమిల్లు పేలిపోయి 18 మంది చనిపోయారు. పేలింది మందుగుండు కాదు, గాలిలో తేలుతున్న పిండి ధూళి. గింజగా ఉన్నప్పుడు నిదానంగా మాడే పదార్థమే, సన్నటి ధూళిగా గాలిలో కలిసినప్పుడు బాంబవుతుంది. ధూళి పుట్టే ఫ్యాక్టరీల్లో శుభ్రంగా ఊడ్చడమనేది అందం కోసం కాదు, ప్రాణాల కోసం. ఆ మాట అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

ఒక్క నిమిషం. కుడి కుప్పె చూడండి. గులాబీ రంగు పోయింది! ద్రావణం మళ్ళీ నీళ్ళలా తేటగా ఉంది. మరో అయిదు చుక్కలు వేస్తున్నాను. అదే కుప్పె, అదే వేడి, అన్నే చుక్కలు. చూస్తున్నారా? ఈసారి రంగు అంతసేపు నిలవలేదు. ఇంకో అయిదు వేస్తే ఇంకా త్వరగా పోతోంది. నిజానికి క్రియాజనకాలు కొంత ఖర్చయిపోయాయి కాబట్టి వేగం తగ్గాలి కదా? పెరుగుతోంది. ఎందుకో మీరే ఆలోచిస్తూ ఉండండి, నేను ఉష్ణోగ్రత దగ్గరికి వస్తాను. ఇవాళ్టి విషయంలో అసలు రుచి ఉన్నది ఇక్కడే.

పది డిగ్రీలు వేడి పెరిగితే చర్యావేగం ఇంచుమించు రెట్టింపవుతుందని మీరందరూ వినే ఉంటారు. ఎందుకు అని అడిగితే, 'వేడికి అణువులు వేగంగా కదిలి ఎక్కువసార్లు ఢీకొంటాయి' అన్న జవాబు వస్తుంది. ఆ జవాబు తప్పు కాదు, కానీ చాలదు. లెక్క వేసి చూద్దాం. 25 డిగ్రీల సెల్సియస్ అంటే 298 కెల్విన్. 35 డిగ్రీలంటే 308. అణువుల సగటు వేగం కెల్విన్ ఉష్ణోగ్రత వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఆ లెక్కన వేగం పెరిగేది 1.7 శాతం. ఢీలు కూడా దాదాపు అంతే పెరుగుతాయి. చర్యావేగం మాత్రం 100 శాతం పెరిగింది. మిగతా 98 శాతం ఎక్కణ్ణుంచి వచ్చింది?

దీనికి జవాబు చెప్పినవాడు స్వీడన్‌కి చెందిన స్వాంటే అర్హీనియస్, 1889లో. ఆయన ముందు పెట్టుకున్నది కూడా ఆమ్లంలో చక్కెర విడిపోయే చర్యే. దాని వేగం ఉష్ణోగ్రతతో పెరిగే తీరును ఢీల సంఖ్యతో వివరించడం అసాధ్యమని ఆయన గ్రహించాడు. చక్కెర అణువుల్లో అన్నీ చర్యకు సిద్ధంగా ఉండవు, చాలా కొద్ది భాగమే అదనపు శక్తితో ఉత్తేజిత స్థితిలో ఉంటుంది, వేడితో ఆ కొద్ది భాగం గబగబా పెరుగుతుంది అన్నాడు. ఆ భాగాన్ని లెక్కకట్టే సూత్రాన్నే ఆయన పేరుతో పిలుస్తారు.

అణువులన్నీ ఒకే వేగంతో కదలవు. కొన్ని మందకొడిగా, ఎక్కువ భాగం మధ్యస్థంగా, వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రం మహావేగంగా కదులుతాయి. గడప దాటేది ఆ చివరి వాళ్ళే. ఉత్తేజన శక్తి మోల్‌కు (అణువుల్ని లెక్కపెట్టే ఒక పెద్ద కొలతకు) 50 కిలోజౌళ్ళున్న చర్యను తీసుకుందాం. అర్హీనియస్ సూత్రంలో అంకెలు పెడితే, 25 డిగ్రీల దగ్గర వెయ్యి కోట్ల ఢీలలో గడప దాటేంత శక్తి ఉన్నవి దాదాపు 17. 35 డిగ్రీల దగ్గర 33. సగటు అణువు వేగంలో మార్పు కంటికి ఆననంత. కానీ గడప దాటగలవాళ్ళ సంఖ్య రెట్టింపు. చర్యావేగాన్ని నిర్ణయించేది సగటు అణువు కానే కాదు. అసాధారణమైన అణువులే నిర్ణయిస్తాయి. నాకు రసాయన శాస్త్రంలో ఇంతకన్నా అందమైన విషయం ఇంకోటి కనపడలేదు.

అయితే 'పది డిగ్రీలకు రెట్టింపు' అన్నది ఒక ఉజ్జాయింపు, నియమం కాదు. గడప ఎత్తు 100 కిలోజౌళ్ళయితే అదే పది డిగ్రీలకు వేగం దాదాపు 3.7 రెట్లవుతుంది. గడప ఎంత ఎత్తుగా ఉంటే ఆ చర్య వేడికి అంత ఎక్కువగా స్పందిస్తుంది. ఇంకో వింత కూడా ఉంది. నైట్రిక్ ఆక్సైడ్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ అయ్యే చర్య వేడి చేస్తే నెమ్మదిస్తుంది. అక్కడ ముందు రెండు అణువులు వదులుగా జతకట్టాలి, తర్వాతే మూడోది వచ్చి చేరాలి. వేడికి ఆ జతే విడిపోతుంది. మన శరీరంలో చర్యల్ని వేగవంతం చేసే ప్రోటీన్లు, అంటే ఎంజైములు కూడా ఒక హద్దు దాటి వేడెక్కితే వాటి మడతలు విప్పుకుపోయి పనిచేయడం మానేస్తాయి. కాబట్టి 'వేడి పెంచితే వేగం పెరుగుతుంది' అన్న వాక్యాన్ని ఎక్కడికక్కడ సరిచూసుకోవాలి.

వేడి చేసేది గడప దాటగలవాళ్ళ సంఖ్యను పెంచడం. గడపనే తగ్గించగలిగితే? ఆ పని ఉత్ప్రేరకానిది, అంటే తాను ఖర్చయిపోకుండా చర్యను వేగవంతం చేసే పదార్థానిది. పాత దారిలోని గడప అలాగే ఉంటుంది. ఉత్ప్రేరకం తక్కువ గడప ఉన్న ఇంకో దారి చూపిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ తనంతట తాను విడిపోవడానికి ఉత్తేజన శక్తి మోల్‌కు 75 కిలోజౌళ్ళ దాకా ఉంటుంది. అయొడైడ్ అయాన్లు కొంచెం కలిపితే అది 57 ప్రాంతానికి దిగుతుంది. తేడా 18 కిలోజౌళ్ళే. కానీ మిగతావన్నీ సమానమనుకుంటే గది ఉష్ణోగ్రతలో ఆ తేడాకే వేగం వెయ్యి రెట్లకు పైగా పెరుగుతుంది. అర్హీనియస్ సూత్రంలో గడప ఎత్తు ఘాతంలో కూర్చుని ఉండటం వల్ల వచ్చే బలం అది.

ఇక మన కుప్పె రహస్యం విప్పుదాం. ఎవరో ముందు వరుసలోంచి 'మాంగనీస్' అంటున్నారు. సరిగ్గా అదే. పర్మాంగనేట్ రంగు కోల్పోయి మాంగనీస్ అయాన్‌గా మారింది కదా, ఆ మాంగనీసే ఈ చర్యకు ఉత్ప్రేరకం. మొదటి చుక్కలు పడ్డప్పుడు కుప్పెలో అది లేదు, అందుకే అంతసేపు పట్టింది. చర్య జరిగేకొద్దీ తనకు కావాల్సిన ఉత్ప్రేరకాన్ని తానే తయారుచేసుకుంటోంది. దీన్ని స్వయం ఉత్ప్రేరణ అంటారు. ఇది నిజమో కాదో ఇప్పుడే తేల్చుకోవచ్చు. ఇదిగో, ఆక్సాలిక్ ఆమ్లంతో మూడో కుప్పె. దీంట్లో ముందుగానే చిటికెడు మాంగనీస్ సల్ఫేట్ వేసి, తర్వాత పర్మాంగనేట్ చుక్కలు వేస్తున్నాను. మొదటి చుక్కలకే రంగు త్వరగా తగ్గిపోతోంది చూడండి. ల్యాబ్‌లో ఈ అంశమాపనం (చుక్కచుక్కగా కలిపి గాఢత కొలిచే ప్రయోగం) చేసినవాళ్ళకి ఆక్సాలిక్ ఆమ్లాన్ని 60, 70 డిగ్రీలకు వేడి చేయమని ఎందుకు చెప్పారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మొదటి చుక్కల దగ్గర ఆగిపోయి టెన్షన్ పడకుండా ఉండటానికి. మరిగించొద్దని కూడా చెప్పి ఉంటారు. మరిగిస్తే ఆక్సాలిక్ ఆమ్లమే విడిపోవడం మొదలై లెక్క తప్పుతుంది.

జీవుల్లో ఉత్ప్రేరకాల సామర్థ్యం నమ్మశక్యం కాదు. డీఎన్ఏ, ఆర్ఎన్ఏల తయారీకి అవసరమైన ఒక అంచెలో ఓరోటిడిన్ మోనోఫాస్ఫేట్ అనే అణువు నుంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోవాలి. ఎంజైమ్ లేకుండా మామూలు నీళ్ళలో వదిలేస్తే ఆ అణువుల్లో సగం మారడానికి సుమారు 7.8 కోట్ల సంవత్సరాలు పడుతుందని లెక్కతేల్చారు. దాని ఎంజైమ్ సెకనుకు పదుల సంఖ్యలో అణువుల్ని మార్చి పంపుతుంది.

ఉత్ప్రేరకం చెయ్యలేనిది కూడా ఒకటుంది, అది గట్టిగా గుర్తుంచుకోవాలి. సమతాస్థితిలో, అంటే చర్య ముందుకీ వెనక్కీ ఒకే వేగంతో సాగే దశలో, ఎంత ఉత్పన్నం వస్తుందో అది మార్చలేదు. గడప తగ్గితే అటు వెళ్ళడమే కాదు, ఇటు రావడమూ సులువవుతుంది. అమోనియా కథంతా ఈ చిక్కు చుట్టూ తిరిగిందే. నైట్రోజన్, హైడ్రోజన్ కలిస్తే అమోనియా వస్తుంది. కానీ నైట్రోజన్ అణువులోని త్రిబంధం తెంచాలంటే మోల్‌కు 945 కిలోజౌళ్ళు కావాలి. వేడి పెంచితే వేగం వస్తుంది, అమోనియా దిగుబడి పడిపోతుంది. వేడి తగ్గిస్తే సమతాస్థితి అనుకూలంగా ఉంటుంది, చర్య కదలదు. ఫ్రిట్జ్ హేబర్ అధిక పీడనంతో దిగుబడిని ఆదుకున్నాడు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. మధ్యలో ఆల్విన్ మిట్టాష్ బృందం వేలకొద్దీ పదార్థాలను ఉత్ప్రేరకాలుగా పరీక్షించి, అల్యూమినా, పొటాషియం లాంటివి కొద్దిగా కలిపిన ఇనుమును పట్టుకుంది. 1913లో జర్మనీలోని ఓప్పావ్‌లో ఫ్యాక్టరీ మొదలైంది. ఇప్పటికీ అమోనియా ఎక్కువగా 400 నుంచి 500 డిగ్రీల దగ్గర, ఇనుప ఉత్ప్రేరకాల మీదే తయారవుతోంది. హేబర్, బాష్‌లకు నోబెల్ బహుమతులు వచ్చాయి. మిట్టాష్ పేరు చాలామందికి తెలియదు. నా దృష్టిలో ఆ ఓపికకు ఇంకా ఎక్కువ గౌరవం దక్కాలి.

కాంతి గురించి రెండు మాటలు. హైడ్రోజన్, క్లోరిన్ మిశ్రమం చీకట్లో బుద్ధిగా ఉంటుంది, ఎండ తగిలితే పేలుతుంది. కాంతి ఒక క్లోరిన్ అణువును రెండు పరమాణువులుగా చీలుస్తుంది, అక్కణ్ణుంచి ఒకదాన్నొకటి లాక్కుంటూ గొలుసులా చర్య సాగిపోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ముదురు రంగు సీసాల్లో పోసి అమ్మేది కూడా వెలుతురు నుంచి కాపాడటానికే.

ఇందాక ఒకరు చీటీ పంపారు: 'మందుల మీద గడువు తేదీ ఎలా వేస్తారు, రెండేళ్ళు ఆగి చూస్తారా?' మంచి ప్రశ్న, పైగా మనం మాట్లాడుకున్నదంతా దీనికి పనికొస్తుంది. మందు పాడవడం కూడా రసాయన చర్యే. దాన్ని నెమ్మదిగా ఉంచడమే ప్యాకింగ్, నిల్వల పని. కొత్త మందును సాధారణంగా 40 డిగ్రీల సెల్సియస్, 75 శాతం తేమ దగ్గర 6 నెలలు ఉంచి, ఎంత పాడైందో కొలుస్తారు. దీన్ని త్వరిత స్థిరత్వ పరీక్ష అంటారు. వేడికి వేగం పెరిగే తీరు తెలుసు కాబట్టి, మామూలు నిల్వలో ఎంతకాలం ఉంటుందో అంచనా కట్టడానికి వీలవుతుంది. కానీ ఈ అంచనా నిలబడాలంటే 40 డిగ్రీల దగ్గర జరుగుతున్న చర్య, మామూలు ఉష్ణోగ్రతలో జరిగే చర్య ఒకటే అయి ఉండాలి. ఎక్కువ వేడి దగ్గర ఇంతవరకూ కదలని వేరే గడప ఏదైనా తెరుచుకుంటే లెక్క తారుమారవుతుంది. అందుకే అదే మందును మామూలు నిల్వ పరిస్థితుల్లో కూడా పక్కనే ఉంచి, గడువు పూర్తయ్యేదాకా మధ్యమధ్యలో తీసి పరీక్షిస్తూనే ఉంటారు. మిగతా చీటీలు కూడా పంపండి, ఒక్కొక్కటిగా చూద్దాం.